దేవరపెట్టె ముందు ప్రమాణం

కోర్టు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి ఒకటే అడుగుతారు: "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" హత్య కేసు చెబుతానని కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. నేను గొర్రెల కేసు చెబుతాను. ముఖాలు చిన్నబోతాయి. అయినా వదలను, చాయ్ తాగారు కదా, వినాల్సిందే.

అప్పుడు నేను సూర్యాపేట మున్సిఫ్ కోర్టులో అహల్కారును. అంటే ఇప్పటి మాటలో చిన్న గుమాస్తాను. పోలీసు యాక్షన్ అయి, నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు. రాజ్యం మారింది గానీ కోర్టు భాష ఇంకా ఉర్దూయే. రైతు తెలుగులో చెప్పేవాడు, మేం ఉర్దూలో రాసేవాళ్ళం, మళ్ళీ తెలుగులో చదివి వినిపిస్తే "గట్ల నేనెప్పుడన్న సాబ్?" అని అతనే ఆశ్చర్యపోయేవాడు. రోడ్ల మీద మిలిటరీ లారీలు తిరుగుతుండేవి. పొద్దు వాలేలోపు ఇల్లు చేరుకోవడం అందరికీ అలవాటైపోయింది.

మా మున్సిఫ్ సాబ్ హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన ముస్లిం పెద్దమనిషి. ఆయనలాంటి వాళ్ళ కొలువులు ఉంటాయో ఊడతాయో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం రోజూ ఇస్త్రీ షేర్వానీ వేసుకొని, వేళకు వచ్చి కూర్చునేవారు. ఆయనకు ఒక జబ్బు ఉండేది, ప్రశ్నలు అడిగే జబ్బు. మధ్యాహ్నం చాయ్ వేళ నన్ను పిలిపించుకొనేవారు.

"తరతరాలుగా మీ మధ్యనే ఉన్నాం. మీ దేవుళ్ళ గురించి ఒక్కనాడూ అడిగి తెలుసుకోలేదు. ఇప్పుడైనా అడగనివ్వు," అన్నారు మొదటిసారి. ఇక మొదలైంది. కొబ్బరికాయ ఎందుకు కొడతారు? గుళ్ళోకి పోయేముందు గంట ఎందుకు మోగిస్తారు? ఒకాయన నిలువు నామం, ఇంకొకాయన అడ్డ విభూతి, ఇద్దరికీ పేచీ ఏమైనా ఉందా? దేవుడు ఒక్కడే అంటారు, మళ్ళీ ఇంటికొక దేవుణ్ణి పెట్టుకుంటారు, ఆ లెక్క ఎట్లా?

నాది మిర్యాలగూడ. ఇంట్లో పూజగది ఉంది, పండుగలన్నీ చేస్తాం, కాబట్టి ఇవన్నీ నాకు తెలుసనే అనుకున్నాను. అడిగితే తెలిసింది, తెలియదని. గంట సంగతి ఏదో చెప్పాను: "దేవుడికి మనం వచ్చామని తెలియడానికి సాబ్." ఆయన నవ్వి, "లేకపోతే ఆయనకు తెలియదా?" అన్నారు. కొబ్బరికాయ అంటే మన అహంకారమని, అది పగలాలని ఎవరో హరికథలో చెప్పింది అప్పజెప్పాను. అది ఆయనకు నచ్చింది. దేవుళ్ళ లెక్కకు మాత్రం నాకు నచ్చిన జవాబే చెప్పాను: "మా అమ్మను నేను అమ్మా అంటాను, మా నాయన ఏమే అంటాడు, మా మేనమామ చెల్లె అంటాడు. మనిషి ఒక్కతే సాబ్." ఆయన చాలాసేపు తల ఊపారు.

బొట్టు ఎందుకని అడిగినప్పుడు నా దగ్గర హరికథ అయిపోయింది. ఆదివారం మిర్యాలగూడ పోయినప్పుడు మా అమ్మను అడిగాను. ఆమె రోట్లో పచ్చడి నూరుతూ, "పెట్టుకోకపోతే మొకం బోసిగుంటది. గిదడుగనీకి బస్సెక్కొచ్చినవా?" అంది. సోమవారం ఆ మాటే చెప్పాను. మున్సిఫ్ సాబ్ పడీ పడీ నవ్వి, ఇన్నాళ్ళుగా విన్న జవాబుల్లో నమ్మదగింది ఇదేనన్నారు.

మా పేష్కారు గారికి ఈ ముచ్చట్లు గిట్టేవి కావు. కోర్టు కాగితాలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. కోదాడవైపు మనిషి, మాటలో బెజవాడ గాలి ఉండేది. "ఏంటయ్యా ఈ పురాణ కాలక్షేపం? ఏదడిగినా ఆచారమండీ అని చెప్పు, పని తెములుతుంది," అని నన్ను కసిరేవారు.

సరిగ్గా అప్పుడే ఆ కేసు వచ్చింది.

ఆత్మకూరు దిక్కు పల్లెలో ఒక గొల్ల కుటుంబం. అన్నదమ్ములిద్దరూ ఒకే మంద మేపుకొనేవాళ్ళు. ఒక ఎండాకాలం గడ్డి కోసం మంద తోలుకొని మఠంపల్లి దాటి కృష్ణ ఒడ్డుకు పోయారు. అక్కడ తమ్ముణ్ణి పాము కరిచింది. ఇంటికి శవం కూడా రాలేదు, ఏటి ఒడ్డునే మట్టి చేసి అన్న ఒక్కడే మందతో తిరిగి వచ్చాడు. తమ్ముడి భార్యకు చిన్నపాప. ఆమె కోర్టుకెక్కి చెప్పిందేమంటే: చనిపోక ముందు బియ్యానికని ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు భర్త తనతో చెప్పాడట, ఏటి ఒడ్డున అన్నదమ్ములు మంద పంచుకున్నారని, ఊరికి వచ్చాక ఎవరి గొర్రెలకు వాళ్ళు చెవి కోసి గుర్తు పెట్టుకుందామని అనుకున్నారని. గుర్తు పెట్టేలోపే మనిషి పోయాడు.

అన్న మాత్రం, పంపకమే జరగలేదన్నాడు.

ఇది చిన్న సంగతి కాదు. అప్పటి లెక్క ప్రకారం పంపకం జరిగి ఉంటే సగం మంద ఆమెది. జరగకపోతే ఆమెకు దక్కేది బావగారి ఇంట్లో తిండి, బట్ట మాత్రమే. బతికినన్నాళ్ళూ ఇంకొకరి పొయ్యి దగ్గర నిలబడి తినాలి, రేపు పాప కూడా అట్లనే. పంపకం జరిగిందో లేదో తెలిసిన మనుషులు ఇద్దరే, వాళ్ళలో ఒకడు లేడు. సాక్షి లేడు, కాగితం లేదు.

వాయిదా రోజు ఆమె లేచి అంది: "సాబ్, గీడ గీ పుస్తకం మీద సెయ్యి పెట్టి ఎన్నన్న చెప్తడు. మా దేవరపెట్టె ముంగట దీపమార్పి చెప్పుమనుండ్రి. గాడ పంచుకోలే అంటే నాకు ఒక్క గొర్రె వద్దు."

అప్పటి చట్టంలో దీనికి ఒక దారి ఉండేది. ఎదుటివాడు ఫలానా దేవుడి ముందు ప్రమాణం చేసి చెబితే దానికి కట్టుబడతానని ఒక పక్షం ఒప్పుకోవచ్చు. రెండో పక్షం సరేనంటే కోర్టు తన మనిషిని పంపి ప్రమాణం చేయిస్తుంది. అక్కడ చెప్పిన మాటే ఇక తీర్పు. మున్సిఫ్ సాబ్ ఆ అన్న వైపు చూశారు. అతను తలపాగా సరిచేసుకొని, "చేస్త సాబ్," అన్నాడు.

ఉత్తర్వు రాయడానికి పేష్కారు గారు కలం పట్టుకొని ఆగిపోయారు. "ఏ గుడమ్మా?" అని అడిగారు.

"గుడి లేదయ్యా. పెట్టెల ఉంటరు."

"గుడి లేని దేవుళ్ళేంటి? పోనీ, పేటలో శివాలయం ఉందిగా, అక్కడ చేయిద్దాం."

"గది అయ్యగార్ల గుడి. గాడ చేస్తే మాకు తాకదు," అంది ఆమె.

మున్సిఫ్ సాబ్‌కు కళ్ళు మెరిశాయి. చాయ్ వేళ దాకా కూడా ఆగలేదు, అక్కడే విచారణ మొదలుపెట్టారు. పెట్టెలో ఎవరుంటారు? లింగమంతుల స్వామి, ఆయన చెల్లె చౌడమ్మ. ఏం తింటారు? అన్నకు పాలు, నైవేద్యం, మాంసం ముట్టడు. చెల్లెకు యాటపోతు మాంసం. "ఒకే పెట్టెలో ఉంటూ అన్నది ఒక వంట, చెల్లెది ఒక వంటా?" "ఔ సాబ్. మా ఇంట్ల గూడ గంతే, మా బావ సేపలు తినడు." కోర్టు హాలంతా నవ్వింది, ఆ బావ కూడా నవ్వాడు. పెట్టె ఎప్పుడు తెరుస్తారు? జాతరకే. మరి ఇప్పుడు మూసి ఉంటుంది కదా? "మూసున్నా ఇంటరు సాబ్," అంది ఆమె. మున్సిఫ్ సాబ్ "నిజమే, మేమూ చూడకుండానే చెప్పుకుంటాం," అని ఉత్తర్వు అట్లాగే రాయమన్నారు.

ప్రమాణం చేయించే పని నాకు పడింది. పేష్కారు గారికి మోకాళ్ళ నొప్పులు. బయలుదేరేముందు మున్సిఫ్ సాబ్ పిలిచి, "చట్టానికి కావలసింది ఎట్లాగూ రాస్తావు. నాకోసం మిగతాదంతా చూసి రా," అన్నారు.

పొద్దున్నే బండి కట్టించుకొని పోయాను. కులపెద్ద ఇంటి ముందు జనం. ఎర్రబట్ట కట్టిన పెట్టెను ఆయన తలమీద పెట్టుకొని తెచ్చేసరికి ఆడవాళ్ళంతా "ఓ లింగా, ఓ లింగా" అన్నారు. అంతకుముందే అరుగు మీద శుభ్రమైన నల్ల గొంగడి ఒకటి పరిచారు. సర్కారీ మనిషి వచ్చాడని నాకోసమే పరిచారనుకొని దాని అంచున దర్జాగా కూర్చున్నాను. జనం ఒక్కసారిగా గొల్లుమని నవ్వారు. పక్కనున్న ముసలాయన నా చెవి దగ్గరికి వంగి, "సారూ, జర లేవుండ్రి. గది దేవుని గద్దె," అన్నాడు. లేచిన తర్వాత గొంగడి మీద పసుపునీళ్ళు చల్లి, అప్పుడు పెట్టె దించారు. మేం దేవుడికి పట్టుబట్ట, పీట కావాలంటాం. ఏడాదంతా వానలో ఎండలో మందతో తిరిగే మనిషికి ఒంటి మీద ఉండేది గొంగడే కదా, దేవుణ్ణి కూడా దానిమీదనే కూర్చోబెట్టుకున్నారు. నాకు అది ఎంతో ముద్దుగా అనిపించింది. ఇది మున్సిఫ్ సాబ్‌కు తప్పక చెప్పాలని గుర్తు పెట్టుకున్నాను.

పెట్టె ముందు మట్టి ప్రమిదలో ఆముదం పోసి దీపం ముట్టించారు. దీపం ఎందుకని కులపెద్దను అడిగాను. "ఇంట్ల దీపమంటే పిల్లలే సారు. ఒట్టు తప్పితే, ఆర్పిన దీపం లెక్కనే ఇల్లు చీకటైతది. చేసినోనికొక్కనికే కాదు, వాని ఇంటికి తాకుతది," అన్నాడు. ఎంత మామూలుగా చెప్పాడంటే, వాన పడితే మట్టి తడుస్తుందని చెప్పినట్టు చెప్పాడు.

అన్న బావి దగ్గర తలస్నానం చేసి, తడిబట్టలతో, తలపాగా లేకుండా వచ్చాడు. తలపాగా లేకపోతే ఆ మనిషి కోర్టులో చూసిన మనిషిలా లేడు. అతని భార్య గుంజను ఆనుకొని నిలబడి ఉంది. ఇద్దరు కొడుకులు ఆమె కాళ్ళకు అతుక్కొని ఉన్నారు. ఆమె నోట్లో కొంగు కుక్కుకొని నన్నే చూస్తోంది, నేనేదో చేయగలవాణ్ణి అయినట్టు. విధవరాలు ఇవతలి వైపు పాపను ఎత్తుకొని నిలబడింది.

నేను ఉత్తర్వు చదివాను. చెప్పాల్సిన మాటలు ముక్కలు ముక్కలుగా నేను చెబుతుంటే అతను అనాలి.

"ఏటి ఒడ్డుకాడ," అన్నాను.

"ఏటి ఒడ్డుకాడ."

"నేను, నా తమ్ముడు మంద పంచుకోలేదు."

అతను పెట్టె వైపు చూడలేదు. దీపం వైపూ చూడలేదు. నా చెప్పుల్లేని కాళ్ళ వైపు చూస్తూ, "నేను, నా తమ్ముడు మంద పంచుకోలే," అన్నాడు.

"ఇది అబద్ధమైతే నా ఇంటి దీపం ఇట్లాగే ఆరిపోవాలి."

ఇంతమంది ముందు ఇక వెనక్కి పోలేననుకున్నాడేమో, ఆ మాట అనకుండానే వంగి, దీపం మీదికి చెయ్యి చాపాడు.

పాపను ఎప్పుడు దించిందో నేను చూడలేదు. విధవరాలు వచ్చి ప్రమిద చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంది. "వద్దు బావా! ఆర్పకు!"

"లే," అన్నాడు అతను. "నువ్వడిగిందే చేస్తున్న."

"నాకు గొర్లు వద్దు. నీ కొడుకులు నా సేతుల మీద పెరిగిన్రు. ఆర్పకు."

నేను నేర్చుకున్న చట్టంలో రెండే ఉన్నాయి, ప్రమాణం చేయడం, చేయననడం. అడిగిన మనిషే అడ్డం పడితే ఏమనాలో ఎక్కడా లేదు. "అమ్మా, ప్రమాణం నువ్వే కదా కోరింది. ఇప్పుడు ఎందుకు ఆపుతున్నావు? కోర్టుకు ఏం చెప్పమంటావు?" అన్నాను.

ఆమె చేతులు తీయకుండానే నా వైపు తిరిగింది. "దేవుడు ఇంటడని నాకు ఎర్కే సారు. గందుకే భయం."

కులపెద్ద వచ్చి దీపాన్ని ఎత్తి పెట్టె పక్కన పెట్టాడు. అది దానంతటది కొండెక్కేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. ఆ అన్న తడిబట్టలతోనే ఇంటికి నడిచిపోయాడు. భార్య మాత్రం అతని వెంట పోలేదు. కొడుకులిద్దర్నీ తెచ్చి విధవరాలి దగ్గర కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సర్కారీ పని మీద పోయినవాడు ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు గానీ, మొహం తిప్పుకొని బండెక్కాను.

మరునాడు మున్సిఫ్ సాబ్‌కు అంతా చెప్పాను. గొంగడి సంగతి మొదట చెబుదామనుకున్నాను, దీపం సంగతే ముందు వచ్చేసింది. విన్న తర్వాత ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అది నేను చూడటం మొదటిసారి.

పేష్కారు గారు ఊరుకోలేదు. "చట్టం తేటగానే ఉందండీ. తాను కోరిన ప్రమాణాన్ని తానే అడ్డుకుంది. దావా కొట్టేయడమే."

"తగిన కారణం ఉంటే వెనక్కి తీసుకోవచ్చు," అన్నారు మున్సిఫ్ సాబ్.

"ఏం కారణమండీ? ఎదుటివాడి పిల్లలకు దేవుడి దెబ్బ తగులుతుందని భయం వేసిందని తీర్పులో రాస్తామా? పై కోర్టు వాళ్ళు నవ్వుతారు."

"దేవుడికి భయపడి అబద్ధం మానుకున్నవాళ్ళను చూశాను. భయపడకుండా చెప్పినవాళ్ళను రోజూ చూస్తున్నాను. తాము కోరిన ప్రమాణాన్ని ఎదుటివాడి పిల్లల కోసం తామే ఆపినవాళ్ళను చూడలేదు." నా వైపు తిరిగి అడిగారు, "మీ శాస్త్రాల్లో దీనికేమైనా పేరుందా?"

"తెలియదు సాబ్," అన్నాను. ఈసారి హరికథ వైపు పోలేదు. ఆయన కేసు కొట్టేయకుండా వాయిదా వేశారు. పేష్కారు గారు ఆ రోజంతా దస్త్రాలను దబదబా పడేస్తూనే ఉన్నారు.

వాయిదా రోజు అందరూ వచ్చారు. కేసు పిలవగానే ఆ అన్న ముందుకు వచ్చి, "ఇగ పేచీ లేదు సాబ్. మంద రెండైంది," అన్నాడు.

"ఎవరు పంచారు?"

అతను వెనక్కి చూశాడు. "నా ఇంటిది."

భార్యను ముందుకు పిలిచారు. కోర్టు గడప తొక్కడం ఆమెకు అదే మొదలు. కొంగు తలమీదికి లాక్కుంటూ, గోడ వైపు చూస్తూ చెప్పింది. ప్రమాణం నాటి మరునాడు తెల్లారగానే దొడ్డి తడక తీసి, గొర్రెలను ఒకటి ఇటు, ఒకటి అటు తోలేసిందట. మొగుడు కర్ర పట్టుకొని వచ్చాడట.

"వచ్చి ఏమన్నాడు?" అన్నారు మున్సిఫ్ సాబ్. పాత జబ్బు తిరిగి వచ్చింది.

"ఎవల నడిగి తోలుతున్నవన్నడు. నేనన్న, నా పిల్లల మీద ఒట్టు పెట్టేటప్పుడు నువ్వు ఎవల నడిగినవని. కన్నదాన్ని నేనుంటి. నువ్వడగలే. గీ సారు అడగలే. మా యారాలు ఒక్కతే నా పిల్లలకు సేతులడ్డం పెట్టింది." యారాలంటే తోడికోడలు. ఆ మాట అని ఆమె విధవరాలి పక్కకు పోయి నిలబడింది.

మున్సిఫ్ సాబ్ తల వంచుకొన్నారు. "ఉత్తర్వు రాసింది నేను. నేనూ అడగలేదు," అన్నారు ఉర్దూలో, మెల్లగా. పేష్కారు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు, నాకు పని అప్పజెప్పడం కూడా మరిచిపోయారు.

రాజీ అయిందని రాయడమే మిగిలింది. నేను కలం అందుకున్నాను. అంతలో మున్సిఫ్ సాబ్‌కు మనసాగలేదు. పంపకం సంగతి ఇన్నాళ్ళూ ఆయన్ను తొలుస్తూ ఉండి ఉంటుంది. అన్న వైపు తిరిగి అడిగారు: "కేసు ఎట్లాగూ ముగిసింది. నీ మీద ఏ తప్పూ రాయను. ఇప్పుడైనా చెప్పు. ఆనాడు ఏటి ఒడ్డున మీరిద్దరూ మంద పంచుకున్నారా, లేదా?"

నేను ఆ ప్రశ్న రాసి, జవాబు కోసం కలం పట్టుకొని చూస్తున్నాను. అతని పెదవులు కదిలాయి. చెప్పేవాడే.

"అడగకుండ్రి సాబ్!" విధవరాలు రెండు చేతులు జోడించింది. "పెట్టె ముంగట ఒక మాట అననే అన్నడు. ఇప్పుడు ఇంకో మాట జెప్తే, గాడన్న మాట అబద్ధమైతది. పిల్లలున్నరు సాబ్."

మున్సిఫ్ సాబ్ నా వైపు తిరిగి, ఆ ప్రశ్న కొట్టేయమన్నారు. నేనే కొట్టేశాను.